సరుకులకు మాత్రమే

ఇంటి వరండా నుంచి, ఆఫీసు కాగితం మీద

చిరంజీవి బావమరిదికి మీ బావ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ అక్క వంటింట్లో గిన్నెలు గట్టిగానే సర్దుతోంది కాబట్టి తనూ క్షేమమే అని భావిస్తున్నాను. నీ క్షేమం తెలియజేయగలవు.

శుభవార్త ఏమిటంటే, మీ ఊరి పాత బజారు కొత్త బజారైంది. బజార్ల సుందరీకరణ విభాగానికి కార్యదర్శిని కాబట్టి ఈ ఘనతలో నాకూ చిన్న వాటా ఉందంటే గొప్పలు పోతున్నానని అనుకోకు. ముందువైపు చేతిబళ్ళు ఎక్కే ఆ మట్టి వాలు గుర్తుందిగా? వానొస్తే బురద, ఎండొస్తే దుమ్ము. దాన్ని తవ్వి పారేయించాం. ఆ చోట ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పాలరాతి మెట్లు వేయించాం. రాయి రంగు నేనే ఎంచాను. బజారు నేను కళ్ళతో చూడలేదనుకో, రాయిని మాత్రం బల్లమీద పెట్టుకుని వారం రోజులు చూశాను. కొట్లు ఇప్పుడే తెరుచుకోవచ్చు. ప్రారంభోత్సవం మాత్రం ముఖ్య అతిథికి తీరిక దొరికినప్పుడు.

ఇక అసలు సంగతి. వైకల్యాన్ని జయించిన ఒక చేతిపనివాడికి ఆ సభలో 'ఆత్మస్థైర్య శిఖరం' అనే బిరుదు ఇవ్వాలని మా డైరెక్టరుగారికి ఆలోచన వచ్చింది. నీ పేరు నేనే ఇచ్చాను. మూడు చక్రాల బండిలో కూర్చుని గడియారం విప్పుతున్న నీ ఫోటో చూసి ఆయన కళ్ళు చెమర్చాయి. రుమాలు కూడా నేనే అందించాను. నువ్వు నా బావమరిదివని మాత్రం చెప్పలేదు. నీ అర్హత మీదే వచ్చిందనుకోవాలి కదా.

నువ్వు చదవాల్సిన ప్రసంగం నేనే రాసి ఇందులో పెడుతున్నాను. బట్టీ పట్టు. "నా కాళ్ళు నాకెన్నడూ అడ్డు కాలేదు" అన్న చోట కాస్త ఆగు. అక్కడ చప్పట్లు పడతాయి.

ఇట్లు,
మీ బావ, కార్యదర్శి

ఒరేయ్ తమ్ముడూ, కవరు అంటించే పని నాదే కాబట్టి ఈ మూల నాది. ఆయనకి తెలీదు. మెట్ల సంగతి చదివి నా గుండె గుభేలుమంది. నీ బండి ఎలా ఎక్కుతుందిరా? — అక్క


మెట్ల కింద, బజారు ముందు

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీ మెట్లు చాలా బాగున్నాయి. రంగు మరీ బాగుంది. ఇంత కింద నుంచి, ఇంత తీరిగ్గా వాటిని చూసే అదృష్టం ఈ ఊళ్ళో నాకే పట్టింది. పొద్దున్నే బండి చక్రం చేత్తో తిప్పుకుంటూ వస్తాను. వీధి చివర మందుల షాపువాడి రేకు కింద నిలబెడతాను. పైన నా గడియారాల కొట్టు చక్కగా కనిపిస్తూనే ఉంటుంది. తాళంచెవి నా జేబులో ఉంది. తాళం పైనుంది. మధ్యలో మీరున్నారు.

ఆ మట్టి వాలు బురదగా ఉండేదన్నది నిజమే. కానీ బండిని కాస్త ఊపుగా తోస్తే లోపలికి వెళ్ళిపోయేవాణ్ణి. చిన్నప్పటి జ్వరంలో కాళ్ళు పడిపోయిన దగ్గర్నుంచీ నేను ఎవరి సాయమూ లేకుండా రోజూ చేసిన పని అదొక్కటే. మీరు దాన్ని తవ్వించారు.

నేనొక్కణ్ణే కాదు. మా వరసలో బట్టలు కుట్టే దర్జీ ఆవిడ ఉంది, చంకకర్రల మీద నడుస్తుంది. ఇప్పుడు ఒక్కో మెట్టు మీదా వెనక్కి తిరిగి కూర్చుని, కర్రలు పక్కన పెట్టుకుని, జరుగుతూ జరుగుతూ పైకి పోతోంది. పైకి చేరేసరికి చీరంతా మట్టి. కుర్చీలల్లే పెద్దాయనకి చూపు లేదు. పాత వాలు ఆయన పాదాలకి కంఠతా వచ్చు. కొత్త మెట్లకి పట్టుకోడానికి కడ్డీ కూడా పెట్టలేదు మీరు. మొదటి రోజే దొర్లి మోచెయ్యి విరగ్గొట్టుకోబోయాడు. కాపలా అతను పరుగెత్తుకొచ్చి, "ఏం సార్, ఇంతింత మెట్లు కనపళ్ళేదా?" అని అడిగాడు.

మీ నియమం మీకు తెలిసిందే అయినా గుర్తు చేస్తాను. మూడు నెలలు తెరవని కొట్టుని ఇంకొకరికి ఇచ్చేస్తారు. నాకు ఆ కొట్టు తప్ప బతుకుతెరువు లేదు బావగారూ. ఏదో ఒక మూల చిన్న వాలు కట్టించండి. పాలరాయి అక్కర్లేదు. రంగు మీ ఇష్టం.

ప్రసంగం చదివాను. బాగా రాశారు. మూడు మాటలు మాత్రం చేర్చాను. "నా కాళ్ళు నాకెన్నడూ అడ్డు కాలేదు, మీ మెట్లు వచ్చేదాకా." ఇప్పుడు ఎక్కడ ఆగాలో చెప్పండి.

మీ బావమరిది


హెడ్డాఫీసు, మూడో అంతస్తు

చి. బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. దాని ధోరణి అందకపోతే బాగుండేది.

అయినా నీ విన్నపాన్ని డైరెక్టరుగారి దృష్టికి తీసుకెళ్ళాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "వాలు కొందరికే పనికొస్తుంది, అందం అందరిదీ" అన్నారు. ఆ మాటని మేం ఫ్రేము కట్టించాలనుకుంటున్నాం. అయినా మా మనసు ఊరుకోక 'అందుబాటు ఉపసంఘం' ఒకటి వేశాం. మొదటి సమావేశానికి వికలాంగుల ప్రతినిధిని కూడా ఆహ్వానించాం. సమావేశం మా మూడో అంతస్తులో జరిగింది. లిఫ్టు ఫైళ్ళకి మాత్రమే కదా, ప్రతినిధి గారు కింద గేటు దగ్గరే ఉండిపోయారు. "వికలాంగుల వైపు నుంచి ఆసక్తి కనబడలేదు" అని మినిట్సులో రాసుకున్నాం. చూశావా, మా వైపు నుంచి లోపం లేదు.

అయినా సరే, నీ కోసం ఒక ఉపాయం చేశాను. దానికి 'ఎత్తుడు సేవ' అని నేనే పేరు పెట్టాను. నలుగురు దిట్టమైన మనుషులు పొద్దున నిన్ను బండితో సహా పైకి ఎత్తుకెళ్తారు, సాయంత్రం దింపుతారు. నువ్వు వేలు కదపక్కర్లేదు. మనిషి బతికుండగానే నలుగురు ఎత్తుకుని తీసుకెళ్ళే యోగం ఎంతమందికి పడుతుంది చెప్పు?

ప్రసంగంలో ఆ చేర్పు కొట్టేశాను.

ఇట్లు,
కార్యదర్శి

తమ్ముడూ, ఆఫీసులో రాసింది ఇంటికి తెచ్చి చదివి వినిపిస్తుంటే, ఆ నలుగురి మాట దగ్గర చెయ్యి అడ్డం పెట్టాను. "అశుభం, కొట్టేయండి" అన్నాను. "అది చమత్కారం, నీకు అర్థం కాదు" అన్నారు. మూడో అంతస్తు మనుషుల చమత్కారాలు కింద ఉన్నవాళ్ళకి అర్థం కావు కాబోలు. — అక్క


కొట్టు లోపల, దింపేవాళ్ళ కోసం ఎదురుచూస్తూ

బావగారికి,

నమస్కారాలు తర్వాత పెడతాను. ఈ ఉత్తరం నవ్వకుండా రాస్తున్నాను.

మీ నలుగురూ పొద్దున వచ్చారు. "ఎత్తమంటారా?" అని ఒక్కడూ అడగలేదు. ఒకడు చంక కింద చెయ్యేశాడు, ఒకడు ప్యాంటు వెనకాల పట్టుకున్నాడు. మిగతా ఇద్దరూ బండి ఎత్తారు. సగం మెట్లెక్కాక మీ ఆఫీసు ఫోటోగ్రాఫరు ఆపమన్నాడు. "కాస్త నవ్వండి సార్" అన్నాడు. వాచీ తీసుకుపోడానికి వచ్చిన ఒకావిడ పైమెట్టు మీద నిలబడి ఉంది. నన్ను చూసి తల పక్కకి తిప్పుకుంది. ఆవిడ మంచిదే, నా పరువు కాపాడదామని తిప్పుకుంది. నా పరువు అప్పటికే ఆ నలుగురి చేతుల్లో వేలాడుతోంది.

మధ్యాహ్నం అయ్యింది. మరుగుదొడ్డి కింద ఉంది. ఎత్తేవాళ్ళు సాయంత్రం దాకా రారు. ప్రకృతికి మీ ఆఫీసు వేళలు తెలియవు బావగారూ. గ్లాసెడు నీళ్ళు కూడా తాగకుండా కూర్చున్నాను. సాయంత్రమైంది. బజారు మూసేశారు. మీ నలుగురినీ ఇంకేదో సభలో కుర్చీలు మోయడానికి పంపారట. నేను లోపలే ఉన్నాను. కుర్చీల పెద్దాయన నాకు తోడుగా ఉండిపోయాడు. "నాకు చీకటితో పేచీ లేదు లేవోయ్" అంటున్నాడు. నాకు ఏడుపొస్తోంది, కోపమొస్తోంది, రెంటిలో ఏది ముందు రావాలో తెలియట్లేదు.

ఒక్క మాట సూటిగా చెబుతాను. నాకు మోసేవాళ్ళు వద్దు. నా బండికి దారి కావాలి. దారుంటే నేను ఎవరికీ బరువు కాను, ఎవరి పుణ్యానికీ పనికి రాను. అదే నాకు కావాల్సిన గౌరవం. ఇంకో గౌరవం మీ దగ్గరే ఉంచుకోండి.

రేపటి నుంచి మీ సేవ అక్కర్లేదు.

మీ భార్య తమ్ముడు


ఇంటి వరండా నుంచి

చి. బావమరిదికి,

ఎత్తుడు సేవలో జరిగిన జాప్యానికి విచారిస్తున్నాం. "మీ భార్య తమ్ముడు" అని సంతకం పెట్టనక్కర్లేదు. మనసు నొచ్చుకుంది.

సరే, పాత మాటలు వదిలేసి ఒక మంచి వార్త చెబుతాను. మా విభాగానికి మనసు లేదని కొందరు అంటుంటారు కదా, వాళ్ళకి ఇదే జవాబు. మీ బజారులో ఉల్లిపాయల షావుకారు ఉన్నాడట. అతని చేతిబళ్ళు మెట్లెక్కట్లేదు. కూలీలు బస్తాలు నెత్తిన పెట్టుకుని ఎక్కుతుంటే ఒకరోజు ఒక బస్తా జారి పగిలింది. ఉల్లిపాయలన్నీ మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ రోడ్డు మీదకి పోయాయి. బస్సులు ఆగిపోయాయి. ఆ ఫోటో చూసి డైరెక్టరుగారు చలించిపోయారు. "సరుకు ఇలా బాధపడకూడదు" అన్నారు. ఉపసంఘం లేదు, సమావేశం లేదు. అప్పటికప్పుడు సంతకం. వారం తిరక్కుండా బజారు పక్కవైపు నున్నటి సిమెంటు వాలు కట్టించేశాం! ఉల్లిపాయలు ఇప్పుడు హాయిగా లోపలికి వెళ్తున్నాయట.

వాలు మొదట్లో ఇనుప బోర్డు పెట్టించాను. వాక్యాలు నావే. "సరుకులకు మాత్రమే. మనుషులు మెట్లు వాడవలెను." చిన్నవే అయినా ఎన్నిసార్లు తిరగరాశానో.

ఒక హెచ్చరిక. నువ్వు ఆ వాలు మీద వెళ్ళకూడదు. నియమం నియమమే. నువ్వు నా బావమరిదివి కాబట్టి మరీనూ.

ఇట్లు,
మీ బావ

"ఉల్లిపాయలకి వారంలో కట్టారు, మా తమ్ముడికి ఎప్పుడు?" అని అడిగాను. ఆయన తింటున్న అన్నం సగంలో వదిలేసి లేచిపోయారు. ఇంకో సంగతి, ఎవరికీ చెప్పకు. పోయిన నెల నిన్ను చూద్దామని బస్సెక్కి వచ్చాను. ఆ మెట్ల దగ్గర నిలబడ్డాను. అరిగిపోయిన మోకాళ్ళు మావల్ల కాదన్నాయి. నువ్వు ఆ రోజు రేకు కింద కూడా లేవు. కింద నుంచే నీ కొట్టు చూసి తిరిగొచ్చేశాను. పక్కింటావిడతో పనుండి వెళ్ళానని ఆయనతో చెప్పాను. — అక్క


గడియారాల కొట్టు, బజారు లోపల, సరుకు హోదాలో

పూజ్యులైన బావగారికి సాష్టాంగ నమస్కారాలు. (కూర్చునే పెట్టాను, సరుకు వంగకూడదు.)

మీ నియమాన్ని నేను తు.చ. తప్పకుండా పాటించాను. పైన చూడండి, ఎక్కడి నుంచి రాస్తున్నానో!

జరిగింది ఇది. వాలు దగ్గరికి వెళ్ళాను. కాపలా అతను మీ బోర్డు చూపించాడు. నిక్కచ్చి మనిషి, తప్పు పట్టను. ఉల్లిపాయల షావుకారు చేతిబండి వెనకాల నిలబడి అంతా విన్నాడు. బస్తా పగిలిన రోజు నుంచీ ఆయనకి మీ మెట్ల పేరు చెబితే ఒంటి మీద కారం చల్లినట్టుంటుంది. బస్తాలకి కట్టే అట్టముక్క ఒకటి తీసి నా మెడలో వేశాడు.

"ఇది నా సరుకే, పోనీ" అన్నాడు.

"ఏం సరుకు?" అన్నాడు కాపలా అతను.

"ఉల్లిపాయలు."

కాపలా అతను నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. "కళ్ళజోడు పెట్టుకున్నాయే?"

"మేలు రకం" అన్నాడు షావుకారు.

అతను బుర్ర గోక్కున్నాడు. సరుకుని తూకం వెయ్యకుండా పంపకూడదన్నది ఇంకో నియమం. అది కూడా మీదేనట. బండితో సహా కాటా మీద పెట్టి తూచి, చీటీ రాసిచ్చి, వాలుకి అడ్డంగా కట్టిన గొలుసు తీశాడు. చక్రం తిప్పుకుంటూ నా అంతట నేను లోపలికి వెళ్ళాను. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ నవ్వమనలేదు. కొట్టు తాళం నా చేత్తో నేనే తీశాను బావగారూ. లోపల గడియారాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఒక్కొక్కదానికీ కీ ఇచ్చాను. అన్నీ మళ్ళీ మొదలెట్టాయి. ఆ చప్పుడు వింటుంటే కడుపు నిండిపోయింది.

ఇప్పుడు దర్జీ ఆవిడ పత్తి బేలుగా వస్తోంది. కుర్చీల పెద్దాయన ముందు ఒప్పుకోలేదు. "ఈ వయసులో నన్నేం సరుకు చేస్తావురా" అన్నాడు. చివరికి "పాత సామాను" అని రాయించుకున్నాడు. రోజూ పొద్దున మేం ముగ్గురం కాటా దగ్గర వరస కడతాం. ఒక్క చిక్కుంది. దర్జీ ఆవిడ తన తూకం గట్టిగా చదవద్దని కాపలా అతనితో పోట్లాడుతోంది.

మనిషిగా ఉన్నప్పుడు నాకు దొరకనివన్నీ సరుకునయ్యాక దొరికాయి. మీ డైరెక్టరుగారికి నా తరఫున కృతజ్ఞతలు చెప్పండి.

మీ ఉల్లిపాయ


హెడ్డాఫీసు, తలుపు వేసుకుని

చి. బావమరిదికి,

నవ్వులాట ఆపు. విషయం ముదిరింది.

నువ్వు సరుకుగా వెళ్తున్నావన్న సంగతి డైరెక్టరుగారి దాకా వచ్చింది. ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు, ఆలోచించారు. అదే ప్రమాదం. ఆయన తీర్పు ఇది: కొట్టు అద్దెకి తీసుకున్నది మనిషి. రోజూ కొట్టు తెరుస్తున్నది సరుకు. సరుకు కొట్టు తెరిస్తే కొట్టు తెరిచినట్టు కాదు. ఎత్తుడు సేవ జరిగిన ఆ ఒక్క రోజు రిజిస్టరులో ఎక్కనే లేదు. కాబట్టి లెక్క ప్రకారం నీ కొట్టు మెట్లు వేసిన రోజు నుంచీ మూసే ఉంది. ప్రారంభోత్సవం నాటికి గడువు ముగుస్తుంది. ఆ రోజు మనిషిగా మెట్లెక్కి తెరవకపోతే మర్నాడు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు.

ఇది అన్యాయమని నాకూ అనిపించింది. అనిపించిందని రాయడం ఇదే మొదటిసారి, ఈ కాగితం చించెయ్యి.

నీకో దారి చెబుతాను. సభకి మన ఎత్తుడు బృందం వస్తుంది. ఆ ఒక్కరోజు ఎత్తించుకో. వేదిక మీద బిరుదు తీసుకో, ప్రసంగం చదువు, అటు నుంచి అటే వెళ్ళి కొట్టు తెరువు. ఆ తర్వాత నెమ్మదిగా ఏదో చూద్దాం. సభకి వ్యాఖ్యాతని నేనే. నా ప్రమోషను ఫైలు డైరెక్టరుగారి బల్లమీద ఉంది. గొడవ చెయ్యకు. బావని, చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

ఇట్లు,
మీ బావ

తమ్ముడూ, కవరులో పెట్టమని ఇది నా చేతికిస్తున్నప్పుడు ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. నీ మీద ప్రేమ ఉంది, కానీ దాన్ని ఎవరి సంతకంతో పంపాలో తెలీదు ఆయనకి. నా మాట అడిగితే, నీ మనసుకి ఏది తోస్తే అది చెయ్యి. ఆయన సంగతి నేను చూసుకుంటాను. — అక్క


గడియారాల కొట్టు

బావగారికి నమస్కారాలు.

సభకి వస్తాను. మీకు చెడ్డపేరు తేవాలని లేదు, కానీ ఎత్తించుకోను. మీరు ఎంత కావలసినవారో నా కొట్టూ అంతే. ఏ హోదాలో వస్తానో ఆ రోజే చూద్దురు గాని.

ప్రసంగం బట్టీ పట్టలేదు.

మీ బావమరిది


ఇంటి వరండా నుంచి

చి. బావమరిదికి ఆశీస్సులు.

నేను క్షేమంగా ఇల్లు చేరాను. సభ స్వల్ప మార్పులతో జయప్రదంగా ముగిసిందని నివేదిక పంపాను. వాలు దగ్గరి బోర్డు నిర్వహణ పనుల్లో భాగంగా తొలగించబడినది. వాలుని ఇకపై ఎవరైనా వాడుకోవచ్చునని సర్క్యులరు కూడా వెలువడింది. ఆ ఆలోచన మొదటి నుంచీ డైరెక్టరుగారిదేనని అందులో ఉంది. నీ కొట్టు తెరిచి ఉన్నట్టుగానే నమోదైంది.

నన్ను రికార్డు గదికి మార్చారు. కింది అంతస్తు. చల్లగా ఉంటుంది, మెట్లెక్కే బాధ లేదు. ప్రమోషను గురించి అడగొద్దు.

మీ బావ

ఒరేయ్, ఏం జరిగిందిరా అక్కడ? ఆ రికార్డు గదికి కిటికీ కూడా లేదని తెలిసింది. ఈయన మాత్రం బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఇంటికొచ్చి, ఒక్కరే కూర్చుని నవ్వుకుంటున్నారు. అడిగితే "నిర్వహణ పనులు" అంటున్నారు. నువ్వైనా చెప్పు. — అక్క


గడియారాల కొట్టు, తలుపు బార్లా తెరిచి

అక్కా,

ఈసారి ఉత్తరం నీకే. బావగారు చెప్పరు, నేను చెప్తాను.

సభ రోజు మా బజారు పెళ్ళికూతురిలా ఉంది. వేదిక మెట్ల పైన కట్టారు. వేదికకి మళ్ళీ ఇంకో వరస మెట్లు! మేం ముగ్గురం కింద వాలు మొదట్లో, ఉల్లిపాయల బస్తాల మధ్య, మెడలో అట్టముక్కలతో కూర్చున్నాం. ఊళ్ళో మాలాంటివాళ్ళు ఇంకా చాలామంది వచ్చారు. వాళ్ళందరికీ షావుకారు అట్టముక్కలు పంచాడు. ఒకాయన గోధుమలు, ఒకమ్మాయి గాజు సామాను. "జాగ్రత్తగా దించవలెను" అని కూడా రాయించుకుంది ఆ పిల్ల.

మీ ఆయన మైకులో నా బిరుదు చదివారు. గొంతు బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. "ఆత్మస్థైర్య శిఖరం వేదిక మీదకి రావలసిందిగా కోరుతున్నాం" అన్నారు. నేను బస్తాల మధ్య నుంచి చెయ్యెత్తాను.

"శిఖరం ఇక్కడ కిందుందండీ" అని అరిచాను.

జనం నవ్వారు. డైరెక్టరుగారు కళ్ళతో సైగ చేశారు. ఎత్తేవాళ్ళు నలుగురూ నా వైపు బయల్దేరారు. అప్పుడు నా ఒళ్ళు మండింది.

"నా మీద చెయ్యి వెయ్యకండి. నేను సరుకుని, ఆ బోర్డు ప్రకారం ఈ దారి నాదే. బిరుదు మనిషిది. మనిషికి ఇక్కడ దారి లేదు. ముందు మనిషిని చేసి, తర్వాత శిఖరాన్ని చేయండి!" అన్నాను. ప్రసంగం అంతే అక్కా. బావగారు రాసిందాంట్లో ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముఖ్య అతిథి, పెద్దావిడ, డైరెక్టరు వైపు తిరిగి "ఆ బోర్డు ఎవరు పెట్టారు?" అని అడిగింది. డైరెక్టరు బావగారి వైపు చూపించాడు. బావగారు మైకు పట్టుకుని బిగుసుకుపోయారు. నాకు ఆయన్ని చూసి జాలేసింది. అంతా అయిపోయిందనుకున్నాను.

అప్పుడు దిగారు అక్కా. తను ఎంచిన పాలరాతి మెట్లన్నీ ఒక్కొక్కటే దిగి, వాలు దగ్గరికొచ్చి, బోర్డు ముందు నిలబడ్డారు. మైకు ఇంకా చేతిలోనే ఉంది, ఆ సంగతి మర్చిపోయారు. బజారంతా వినపడేలా, "బావమరిదీ, స్క్రూడ్రైవరుందా?" అన్నారు.

బావమరిదీ! ఇన్నాళ్ళు దాచింది అలా బయటపడింది. డైరెక్టరు మొహం చూడాల్సింది నువ్వు.

నా దగ్గరున్నది వాచీలు విప్పే స్క్రూడ్రైవరు, అగ్గిపుల్లంత ఉంటుంది. ఇచ్చాను. ఆ ఇనుప బోర్డుకి బొటనవేలంత మరలు. ఆయన ఎప్పుడైనా ఇంట్లో ఒక మేకు కొట్టారా? కళ్ళజోడు జారిపోతోంది, చెమటలు కారుతున్నాయి. అందరూ అలా చూస్తూ నిలబడ్డారు. సభ ఆగిపోయింది. మొదటి మర కదిలింది. రెండోదాని దగ్గర స్క్రూడ్రైవరు విరిగి వేలు తెగింది. అయినా ఆగలేదు, చేత్తోనే పట్టుకుని లాగుతున్నారు. చివరికి షావుకారు గునపం తెచ్చి ఒక్కటేశాడు. బోర్డు ఠంగుమని కింద పడింది.

"ఏమైంది? ఏం చప్పుడది?" అన్నాడు కుర్చీల పెద్దాయన.

"బోర్డు పడింది" అంది దర్జీ ఆవిడ.

ఆయనే ముందు చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత బజారంతా.

నేను మెడలో అట్టముక్క తీసి బస్తా మీద పెట్టి, చక్రం తిప్పుకుంటూ పైకి వెళ్ళాను. వేదిక ఎక్కలేదు, నేరుగా వెళ్ళి కొట్టు తెరిచాను. పెద్దావిడ నా కొట్టు దగ్గరికే వచ్చి బిరుదు ఇచ్చింది. ఆవిడ చేతి వాచీ ఆగిపోయి ఉంది, బాగుచేసి ఇచ్చాను. కొట్టు మనిషే తెరిచాడని చెప్పడానికి ఇక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

పని ఇంకా మిగిలే ఉంది. మెట్లకి కడ్డీలు లేవు, మరుగుదొడ్డిలో నా బండి పట్టదు. వచ్చే వారం మేమంతా కలిసి హెడ్డాఫీసుకి వస్తున్నాం. లిఫ్టు ఫైళ్ళకి మాత్రమే అంటే ఏం చెయ్యాలో మాకిప్పుడు తెలుసు.

బావగారికి ఒక మాట చెప్పు. ఆయన నా స్క్రూడ్రైవరు విరగ్గొట్టారు, కొత్తది ఇవ్వాలి. పార్సిలు పంపితే తీసుకోను. స్వయంగా రావాలి, నిన్ను వెంటబెట్టుకుని రావాలి. నీ మోకాళ్ళ సంగతి నేను చెప్పలేదు, నువ్వే చెప్పు. ఆయన తీసిన బోర్డు వల్ల తన ఇంట్లోనే ఒకరికి దారి వచ్చిందని ఆయనకి తెలియాలి.

వాలు మొదట్లో ఇప్పుడు ఏ బోర్డూ లేదక్కా. కాపలా అతను ఎవర్నీ ఏమీ అడగట్లేదు. మెల్లగా నడుచుకుంటూ వచ్చెయ్యి, నా కొట్టు లోపల కుర్చీ వేసి ఉంచాను.

నీ తమ్ముడు